పెట్టె సర్దిన రోజు నుంచి మంచుకొండ దాకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

అగ్నివీర్‌గా ఎంపికైన పిల్లల ఇళ్ల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. రిక్రూట్లకు శిక్షణ ఇచ్చి రిటైరైన సుబేదార్లు, ఎత్తయిన పోస్టుల్లో పనిచేసిన సైనిక వైద్యుడు కలిసి జవాబులు రాశారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒకటిగా చేశాం.

ప్రశ్న: మా అబ్బాయికి హైదరాబాద్ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో రిపోర్ట్ చేయమని కాగితం వచ్చింది. పెట్టెలో ఏం పెట్టాలి? మళ్లీ ఎప్పుడు ఇంటికొస్తాడు? (ఒక తల్లి, పలాస)

అమ్మా, బట్టల సంగతి తర్వాత. ముందు కాగితాలు చూడండి. మన తెలుగువాళ్లకు మొదటి చిక్కు అక్కడే వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరికి పోతుంది. ఊళ్లో ఇది ఎవరికీ పట్టదు. సెంటర్‌లో మాత్రం డాక్యుమెంటేషన్ రోజున ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అబ్బాయి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ అన్నిట్లో అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే మెమోలో ఉన్నట్టుగా ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఇప్పుడే మార్పించండి. సర్వీసు రికార్డులోకి తప్పు పేరు ఎక్కితే దాన్ని దిద్దడానికి అఫిడవిట్లు, పార్ట్ టూ ఆర్డర్లు (రికార్డులో మార్పును నమోదు చేసే ఉత్తర్వులు) అంటూ నెలలు పడుతుంది. నామినీగా రాసే మీ పేరుకూ ఇదే మాట వర్తిస్తుంది. రేషన్ కార్డులో ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘వెంకటలక్ష్మి’ అని ఉంటే ఇబ్బంది పడేది మీరే.

ఒరిజినల్స్ ఒక కవరులో, జిరాక్సులు మరో కవరులో పెట్టండి. పాస్‌పోర్టు ఫొటోలు డజనుకు తక్కువ కాకుండా ఉంచండి. యూనిఫాం, బూట్లు, పక్క సామాను అక్కడే ఇస్తారు. ఇంటి నుంచి పంపాల్సినవి: లోదుస్తులు ఆరు జతలు, బనియన్లు, తువ్వాళ్లు రెండు, రబ్బరు చెప్పులు, షేవింగ్ సామాను, నెయిల్ కట్టర్, సూది, తెల్లదారం, నల్లదారం, గుండీలు, మంచి తాళాలు రెండు, బట్టల మీద పేరు రాసుకోవడానికి చెరగని మార్కర్. ఒకే రకం బనియన్లు వందమంది ఒకే తీగ మీద ఆరేస్తారు కాబట్టి పేరు లేనిది తిరిగి రాదు. బంగారు గొలుసు, ఉంగరం, ఖరీదైన ఫోన్ వద్దు. ఫోన్ ఎలాగూ డిపాజిట్ చేయించి, చెప్పిన రోజున, సాధారణంగా ఆదివారం, కాసేపు ఇస్తారు. మొదటి రెండు వారాలు ఫోన్ రాలేదని కంగారుపడకండి.

ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, శిక్షణ 31 వారాలు. మొదటి 10 వారాలు అందరికీ ఒకటే: డ్రిల్, పీటీ, ఆయుధం, ఫీల్డ్‌క్రాఫ్ట్, మ్యాప్ రీడింగ్. మిగతా 21 వారాలు ట్రేడును బట్టి, అంటే గన్నర్‌కు ఫిరంగి, డ్రైవర్‌కు బండి, ఆపరేటర్‌కు రేడియో. మధ్యలో ఇంటికి వస్తాడని ఆశ పెట్టుకోకండి. చివర్లో పాసింగ్ అవుట్ పరేడ్‌కు తల్లిదండ్రుల్ని పిలుస్తారు. ఆ రోజు మీ గుండెకు ‘గౌరవ్ పదక్’ అనే పతకం పెడతారు. ఆ పిలుపు వచ్చినప్పుడు మాత్రం పంట పనులున్నా సరే, వెళ్లండి.

ప్రశ్న: నాకు హిందీ అర్థమవుతుంది గానీ మాట్లాడలేను. ట్రైనింగ్‌లో వెనకబడతానా? (టి. ఆర్., నంద్యాల)

వెనకబడవు తమ్ముడూ. వ్యాకరణం పక్కన పెట్టి, మొదటి వారంలో చెవినపడే మాటలు నేర్చుకుని వెళ్లు. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, దౌడ్ కే చల్, థమ్. కాషన్‌లో, అంటే డ్రిల్ ఆజ్ఞలో, మొదటి సగం హెచ్చరిక, రెండో సగం పని. ‘దాహినే’ (కుడికి) అన్నప్పుడే తిరిగేవాడు ప్లటూన్ మొత్తంలో ఒక్కడే తిరిగి కనబడతాడు. ‘ముడ్’ వినపడ్డాకే తిరగాలి.

నేర్పేవాడు ‘ఉస్తాద్’. నాయబ్ సుబేదార్, ఆ పైన జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) ‘సాబ్’. మెస్సు ‘లంగర్’, హాజరు ‘గిన్తీ’, వీపు మీద మూట ‘పిట్టూ’, శిక్షగా చేయించే కసరత్తు ‘రగడా’. అర్థం కాకపోతే ‘సమఝ్ నహీ ఆయా ఉస్తాద్’ అని గట్టిగా చెప్పు, దానికి ఎవరూ ఏమీ అనరు. అర్థమైనట్టు తలూపి తప్పు చేసినవాడికే రగడా. తెలుగువాళ్లంతా ఒక గుంపుగా కూర్చోవడం మాత్రం మానుకో. పక్క మంచం బిహార్ వాడిదో రాజస్థాన్ వాడిదో అయితే మూడు నెలల్లో నీ నాలుక అదే తిరుగుతుంది.

ప్రశ్న: మా బడి నుంచి ప్రతి ఏటా కొందరు సైన్యంలో చేరుతున్నారు. సెలక్షన్‌లో 1.6 కి.మీ. పరుగు బాగా తీసినవాళ్లే ట్రైనింగ్‌లో కాలి ఎముక పగిలి ఆసుపత్రి పాలవుతున్నారు. ఎందుకిలా? (వ్యాయామ ఉపాధ్యాయుడు, కరీంనగర్)

మాస్టారూ, 1.6 కి.మీ. పరుగుకు గుండె, ఊపిరితిత్తులు చాలు. శిక్షణలో బరువు మోసేది ఎముక. ఊపిరి ఆరు వారాల్లో పెరుగుతుంది, కండ రెండు నెలల్లో గట్టిపడుతుంది, ఎముక మాత్రం నెమ్మది. కొత్త బరువు పడ్డప్పుడు ఎముక ముందు కొంత కరిగి, తర్వాత గట్టిగా కట్టుకుంటుంది. ఆ మధ్య వారాల్లో అది మామూలుకంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పొద్దున పీటీ, తర్వాత సిమెంటు మైదానంలో మడమ కొట్టే డ్రిల్, సాయంత్రం ఆటలు. మోకాలి కింద ముందువైపు ఎముక మీద సన్నటి పగులు వస్తుంది. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

దీన్ని మామూలు నొప్పి నుంచి విడదీయడం మీరు పిల్లలకు నేర్పవచ్చు. ఆ ఎముక లోపలివైపు జానెడు పొడుగునా సలుపుతూ, వేడెక్కాక తగ్గితే అది షిన్ స్ప్లింట్స్. ఐస్, విశ్రాంతితో సర్దుకుంటుంది. ఒక్క వేలికొనతో చూపించగలిగే చోట నొప్పి, పరిగెత్తేకొద్దీ పెరగడం, రాత్రి పడుకున్నా పోటు, ఒంటికాలి మీద గెంతితే ప్రాణం పోవడం ఉంటే పగులు అనుమానించాలి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగుంది’ అని మళ్లీ పరిగెత్తితే సన్నగీత కాస్తా పూర్తిగా విరుగుతుంది.

పిల్లలు దీన్ని దాస్తారు. ఎంఐ రూమ్‌కు (సెంటర్‌లోని వైద్య గదికి) వెళ్తే రెస్టు రాస్తారని, రెస్టు ఎక్కువైతే రెలిగేషన్ చేసి వెనక బ్యాచ్‌లో వేస్తారని భయం. మూడో రోజు చెప్పినవాడు కొద్ది వారాల్లో మైదానంలోకి వస్తాడు. మూడు వారాలు దాచినవాడు నెలల తరబడి మంచం మీదే. రెలిగేట్ అయ్యేది రెండోవాడే.

చేరకముందు మూడు నెలలుంటే ఇలా చేయించండి. వారంలో నాలుగు రోజులే పరుగు, మట్టి మీదే. వారం మొత్తం దూరం ముందు వారంకంటే పదోవంతుకు మించి పెంచకండి. ఆరో వారం నుంచి వారానికి ఒక రోజు వీపున బరువుతో నడక. అయిదు కిలోలతో మొదలుపెట్టి రెండు వారాలకు ఒక కిలో చొప్పున పెంచాలి, పరుగు మాత్రం వద్దు. పాలు, గుడ్లు, పొద్దుటి ఎండ తప్పనిసరి. బరువుతో పరుగు ఎలాగూ సెంటర్‌లో నేర్పుతారు. బీపెట్ అనే సైనిక దేహదారుఢ్య పరీక్షలో రైఫిల్, పిట్టూతో 5 కి.మీ. పరిగెత్తాలి. ఏళ్లుగా నడిచిన లెక్కలో కుర్రవాళ్లకు 25 నిమిషాలైతే ఎక్సలెంట్, 28 దాటితే ఫెయిల్. దాంతోపాటు 9 అడుగుల గొయ్యి దూకడం, తాడు ఎక్కడం ఉంటాయి. తాడులో పడిపోయేవాళ్లు చేతుల బలం తక్కువై పడిపోరు. పాదాలతో తాడును బిగించి నిలబడటం రాక, బరువంతా చేతుల మీద వేసుకుని పడతారు. బడిలో ఒక తాడు కట్టి పాదాల పట్టు నేర్పండి చాలు.

బూట్ల సంగతి కూడా ఒక మాట. కొత్త బూటును మొదటిరోజే పరేడ్‌కు వేసుకోకూడదు. సాయంత్రాలు గంటసేపు బారక్‌లోనే వేసుకుని తిరగాలి. మేజోళ్లు ముడత లేకుండా లాగాలి, తడిస్తే మార్చాలి. గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి, మూలలు గుండ్రంగా తీస్తే బొటనవేలి గోరు మాంసంలోకి దిగుతుంది. చిన్న బొబ్బ వస్తే ముట్టుకోవద్దు, టేపు వేసి వదిలేయాలి. నడవలేనంత పెద్దదైతే కాల్చి చల్లార్చిన సూదితో అంచున గుచ్చి నీరు తీయాలి. పైచర్మం పీకకూడదు. దానికంటే మంచి కట్టు మరొకటి లేదు.

ప్రశ్న: ఏప్రిల్‌లో చేరుతున్నాను. హైదరాబాద్ ఎండలో పరుగు ఎలా? (కె. ఎస్., పార్వతీపురం)

పీటీ తెల్లవారుజామునే అయిపోతుంది, మధ్యాహ్నం బహిరంగ పనులు తగ్గిస్తారు. ప్రమాదం మొదటి పది రోజుల్లోనే ఎక్కువ. ఒంటికి ఎండ అలవాటు కావడానికి రెండు వారాలు పడుతుంది. దాహం వేసేదాకా ఆగకు. మూత్రం గడ్డి రంగులో ఉంటే నీళ్లు సరిపోయినట్టు, టీ డికాషన్ రంగుకు తిరిగితే ఆ రోజు పరుగు పెట్టకముందే ఉస్తాద్‌కు చెప్పు. జ్వరం, విరేచనాలు తగ్గిన మర్నాడే పరిగెత్తినవాళ్లే ఎక్కువగా పడిపోతారు.

పక్కవాడు తడబడుతూ, సంబంధం లేని మాటలు మాట్లాడుతుంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే, వడదెబ్బే. నీడలోకి లాగి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లు కుమ్మరించి విసరాలి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే అంబులెన్స్ ఎక్కించడం. తెలివి లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

ప్రశ్న: ఫైరింగ్‌లో మొదటిసారే మంచి స్కోరు రావాలంటే ఏం సాధన చేయాలి? (ఇద్దరు మిత్రులు, తాడేపల్లిగూడెం)

మిలిటరీ మాధవరం పక్కనే ఉండి మమ్మల్ని అడుగుతున్నారు! ఆ ఊళ్లో ఏ అరుగు మీద కూర్చున్నా చెప్పేవాళ్లు దొరుకుతారు. సరే, మా మాటా వినండి.

ఉస్తాద్ మూడు మాటలు జపంలా చెప్పిస్తాడు: మజ్బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, సహీ ట్రిగర్ ఆపరేషన్. గట్టి పట్టు, సరైన గురి, సరైన ట్రిగర్. చాలామంది ఇన్సాస్ రైఫిల్ మీదే నేర్చుకున్నారు. ఖాళీగా 4 కిలోల పైన బరువు, 5.56 మి.మీ. గుండు, 20 రౌండ్ల మ్యాగజైన్. ఇప్పుడు దాని స్థానంలో అమేథీ దగ్గర కోర్వాలో తయారయ్యే ఏకే-203 వస్తోంది. అది 7.62 మి.మీ., 30 రౌండ్లు. తుపాకి ఏదైనా ఈ మూడు మాటలు మారవు.

పడుకుని కాల్చేటప్పుడు ఒళ్లు రైఫిల్‌కు కొంచెం ఏటవాలుగా ఉండాలి, మడమలు నేలకు ఆనాలి. బట్ (రైఫిల్ వెనక భాగం) భుజం గుంటలో కూర్చోవాలి, బొమికె మీద కాదు. బొమికె మీద పెడితే మూడో రౌండుకే నొప్పి పుడుతుంది, నాలుగో రౌండుకు ముందే భుజం వెనక్కి లాగుతుంది. ఊపిరి తీసి, సగం వదిలి, ఆపి, ఆ నాలుగైదు క్షణాల్లో ట్రిగర్ నెమ్మదిగా నొక్కాలి. అంతకుమించి ఊపిరి బిగబడితే కన్ను మసకబారుతుంది. అప్పుడు వేలు తీసి మళ్లీ ఊపిరి తీసుకోవడమే.

మొదట 100 మీటర్లలో అయిదు రౌండ్ల గ్రూపింగ్ ఉంటుంది. అక్కడ చూసేది గుండు నల్లచుక్కకు తగిలిందా అని కాదు, అయిదూ ఒకచోట పడ్డాయా అని. అయిదూ ఒక మూల గుంపుగా పడితే మనిషి బాగున్నాడు, రైఫిల్ మీద గురిచూసే సైట్ దిద్దాలి. నిలువుగా ఒక వరుసలో పడితే ఊపిరి ఆపడం లేదు. పక్కకీ కిందికీ పోతే ట్రిగర్ గుంజుతున్నాడు. నాలుగు ఒకచోట, అయిదోది ఎక్కడో ఉంటే శబ్దానికి ముందే కన్ను మూశాడు. టార్గెట్ కాగితం చదవడం నేర్చుకున్నవాడు తన తప్పు తానే దిద్దుకుంటాడు.

సాధనకు గుండ్లు అక్కర్లేదు. ఖాళీ రైఫిల్ బారెల్ మీద, ఫోర్‌సైట్ (ముందువైపు సైట్) దగ్గర రూపాయి బిళ్ల పెట్టి, అది పడకుండా ట్రిగర్ నొక్కడం. వరుసగా ఇరవైసార్లు పడకపోతే ఆ వేలు దారిలో పడ్డట్టే. చేరకముందు మీరు చేయగలిగింది మోచేతులు ఆనించి పొట్ట మీద పదినిమిషాలు కదలకుండా పడుకోవడం. అదీ తేలికేం కాదు, ప్రయత్నించి చూడండి.

రేంజ్ మీద మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే. జామ్ అయినప్పుడు రైఫిల్ పట్టుకుని ‘ఉస్తాద్’ అంటూ పక్కకు తిరగడం కొత్తవాళ్లు చేసే అతి ప్రమాదకరమైన తప్పు. తిరగకుండా చెయ్యి ఎత్తాలి. ‘ఖాలీ కర్’ (రైఫిల్ ఖాళీ చేయడం) అయ్యాక ఖోకాలు, అంటే కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు, లెక్కపెడతారు. ఎన్ని రౌండ్లు ఇచ్చారో అన్ని ఖోకాలు రావాలి. ఒక్కటి తగ్గినా ప్లటూన్ మొత్తం గడ్డిలో మోకాళ్ల మీద వెతుకుతుంది, అన్నం చల్లారిపోయినా సరే. శుభ్రం చేసేటప్పుడు పుల్‌త్రూకు (బారెల్ తుడిచే తాడుకు) చిందీగుడ్డ చుట్టి, తూటా కూర్చునే గది వైపు నుంచి మూతి వైపుకు ఒకే లాగులో తీయాలి. మధ్యలో ఆపితే మురికి అక్కడే పేరుకుంటుంది. పొడిగుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, అప్పుడు పలచగా నూనె. నూనె ఎక్కువైతే దుమ్ము పడుతుంది, మంచులో గట్టిపడి బోల్ట్ కదలదు.

ప్రశ్న: ట్రైనింగ్ కాగానే అగ్నివీర్లను నేరుగా బోర్డర్‌కు పంపుతారా? (ఒక తండ్రి, సూర్యాపేట)

ఏ యూనిట్‌కు వేస్తే ఆ యూనిట్ ఎక్కడుంటే అక్కడికి. అది పీస్ స్టేషన్ (ప్రశాంత ప్రాంతం) కావచ్చు, ఫీల్డ్ (సరిహద్దు లాంటి ప్రాంతం) కావచ్చు. అగ్నివీర్ అని వేరుగా చూడరు. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర అమరుడైన మురళీ నాయక్, శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ, అగ్నివీరే.

అయితే నియంత్రణ రేఖకో ఉగ్రవాద ప్రాంతానికో వెళ్లేముందు కోర్ బ్యాటిల్ స్కూల్‌లో మరో శిక్షణ ఉంటుంది. కశ్మీర్ లోయలో ఖ్రూ దగ్గరున్నది అలాంటిదే. వెళ్లే పనిని బట్టి రెండు నుంచి నాలుగు వారాలు. సెంటర్‌లో నేర్చింది కదలని టార్గెట్ మీద కాల్చడం. ఇక్కడ అకస్మాత్తుగా లేచే బొమ్మ మీద, చీకట్లో, ఆయాసంతో కాల్చాలి. గస్తీలో దూరం పాటించడం, కొత్తగా తవ్విన మట్టి, తేడాగా పేర్చిన రాళ్లు, ఎండిన గడ్డి మధ్య కనబడే తీగ ముక్క గుర్తుపట్టడం, ఇల్లు సోదా చేసేటప్పుడు ఊరివాళ్లతో ఎలా మెలగాలన్నది, అన్నీ అక్కడే.

గాయాల పాఠం ఒకటి మీ అబ్బాయి శ్రద్ధగా నేర్చుకోవాలి. కాలో చెయ్యో తెగి రక్తం చిమ్ముతుంటే టూర్నికే కట్టాలి. గాయానికి నాలుగు వేళ్ల పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా బిగించి, కట్టిన సమయం రాయాలి. ఆ తర్వాత డాక్టరు చేతికి వెళ్లేదాకా వదులు చేయకూడదు. జాలిపడి మధ్యలో వదులుచేయడం వల్లే ఆగిన రక్తం మళ్లీ పోతుంది. ఎవరి టూర్నికే వాళ్లు, కానీ అందరూ యూనిఫాంలో ఒకే చోటున్న జేబులో పెట్టుకోవాలి. గాయపడ్డవాడి జేబులు వెతుక్కునేంత సమయం ఉండదు.

ప్రశ్న: మా తమ్ముడి యూనిట్ లద్దాఖ్ వెళ్తోంది. లేహ్‌లో దిగాక రెండు వారాలు ఊరికే కూర్చోబెడతారట. ఇరవై ఏళ్ల కుర్రాడికి అదెందుకు? (పి. వి., ఒంగోలు)

కుర్రాడు కాబట్టే. లేహ్ దాదాపు 11,500 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ ఒంగోలులో అందేదానిలో మూడింట రెండు వంతులే. చండీగఢ్‌లో విమానం ఎక్కినవాడు గంట గడిచేసరికి అక్కడ ఉంటాడు. ఒళ్లు సర్దుకోవడానికి రోజులు పడుతుంది. ఆరోగ్యం, కండ, పరుగులో మెడల్ ఇవేవీ ఆ రోజుల్ని తగ్గించవు. పైగా ‘నాకేం కాలేదు’ అని మొదటి రోజే మూటలు మోసేది గట్టివాడే.

దీన్ని అక్లిమటైజేషన్ అంటారు, మూడు మెట్లు. మొదటి మెట్టు 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య, ఆరు రోజులు. మొదటి రెండు రోజులు విశ్రాంతి, బారక్ చుట్టూ అటూఇటూ నడవడం తప్ప ఏమీ లేదు. మూడు, నాలుగు రోజులు మెల్లగా ఒకటిన్నర నుంచి మూడు కి.మీ. నడక, ఎక్కుడు లేకుండా. అయిదు, ఆరు రోజులు అయిదు కి.మీ. దాకా, 300 మీటర్ల వరకు ఎక్కుడు. రెండో మెట్టు 12,000 నుంచి 15,000 అడుగులు, నాలుగు రోజులు. మూడోది ఆపైన, మరో నాలుగు రోజులు. మొత్తం 14 రోజులు. 15,000 పైన ఉన్న పోస్టుకు వెళ్లేవాడు మూడూ పూర్తిచేయాలి, లేహ్‌లోనే ఉండేవాడికి మొదటిది చాలు.

ఏం తేడా చేయవచ్చో చెబుతాం. తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి రెండు రోజుల్లో చాలామందికి ఉంటాయి. ఆ స్థితిలో పైకి ఎక్కకూడదు. అంతే, ఉన్నచోటే ఆగితే తగ్గుతుంది. అసలు ప్రమాదం రెండు నుంచి నాలుగో రోజు మధ్య, ఎక్కువగా రాత్రిపూట వస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, సైన్యంలో ‘హేపో’ అంటారు. పొడిదగ్గుతో మొదలవుతుంది. నిన్న మెట్లెక్కితే వచ్చిన ఆయాసం ఇవాళ కూర్చున్నా వస్తుంది. పెదాలు, గోళ్లు నీలం తిరుగుతాయి, ఛాతీలో గురగుర, చివరికి గులాబీ రంగు నురగ. ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందికి దించాలి. వాతావరణం బాగాలేక దించలేకపోతే మనిషిని గాలి నింపే సంచిలో పెట్టి ఒత్తిడి పెంచుతారు. లోపల ఉన్నవాడికి కొన్ని వేల అడుగులు దిగినట్టే లెక్క. అది సమయం కొనుక్కోవడమే, వైద్యం పూర్తయినట్టు కాదు.

మెదడు వాపు ఇంకా మోసకారి. మనిషి తాగినట్టు తూలుతాడు, అడిగినదానికి ఆలస్యంగా బదులిస్తాడు, తనకేం కాలేదని వాదిస్తాడు. పరీక్ష చాలా తేలిక. నేల మీద గీత గీసి, ఒక కాలి మడమకు రెండో కాలి బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు నడవమనాలి. తూలితే వాదన అనవసరం, కిందికి దించాల్సిందే. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర డాక్టరు చెబితేనే. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. అది వేసుకున్నంత మాత్రాన రోజులు తగ్గించుకోవచ్చనుకోవడం తప్పు.

అందుకే బారక్‌లో జోడీ పద్ధతి. పొద్దున లేవగానే పక్కవాడిని చూడటం, ముఖం ఉబ్బిందా, రాత్రి దగ్గాడా, టీ తాగాడా అని. జబ్బుపడ్డవాడు తన జబ్బు చెప్పడు. యూనిట్ వెనకబడుతుందనో పిరికివాడంటారనో దాస్తాడు. చెప్పేది పక్కవాడే.

సెలవు మీద ఒంగోలు వచ్చి వెళ్లేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. నాలుగు వారాలు దాటి కిందుంటే మళ్లీ 14 రోజులూ మొదటి నుంచే. పది రోజులు దాటి నాలుగు వారాల్లోపైతే ఒక్కో మెట్టుకు నాలుగు రోజుల కుదించిన పద్ధతి. ‘నేను పాత కాపునే’ అని నేరుగా పైకి వెళ్లినవాళ్లకు హేపో రావడం ఆ కొండల్లో పాత సంగతే.

చలి గురించి నాలుగు ముక్కలు. చెమట పట్టేంత వేగంగా నడవకూడదు. లోపలి బట్ట తడిస్తే ఆగిన అయిదు నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. బూటు బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ముందు పోతాయి. రెండు జతల మేజోళ్ల మీద కూడా లోపల వేళ్లు కదలాలి. రాత్రి మేజోళ్లు విప్పి స్లీపింగ్ బ్యాగ్‌లో ఒంటి పక్కన పెట్టుకుంటే పొద్దుటికి ఆరతాయి. వేలు తెల్లబడి మొద్దుబారితే రుద్దకూడదు, మంచుతో అసలే కాదు, బుఖారీ (కిరోసిన్ పొయ్యి) దగ్గర కాచకూడదు. స్పర్శ లేని వేలు కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో, అంటే మోచేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లలో ఉంచాలి. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే కరిగించకుండానే కిందికి తేవాలి. కరిగి మళ్లీ గడ్డకట్టిన వేలు సాధారణంగా దక్కదు.

ఆ బుఖారీ గురించే ఇంకో మాట. గుడారం మూసేసి దాన్ని వెలిగించుకుని పడుకుంటే లోపల కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండుతుంది. దానికి వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే పోతారు. పొగగొట్టం మసి పట్టకుండా చూడాలి, గాలి కంత తెరిచి ఉంచాలి, పడుకునేముందు ఆర్పాలి. ఇది చలికి భయపడి ఎక్కువమంది తప్పే నియమం.

ప్రశ్న: జీతం ఎంత చేతికొస్తుంది? ఏదైనా జరిగితే ఇంటికి ఏమిస్తారు? (ఒక సోదరుడు, మహబూబ్‌నగర్)

మొదటి ఏడాదిలో నెలకు 30,000, అందులో 9,000 సేవానిధికి పోగా చేతికి 21,000. నాలుగో ఏడాదిలో నెలకు 40,000లో 28,000. నాలుగేళ్లలో మీ వాటా 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో బయటికొచ్చేటప్పుడు సుమారు 11.71 లక్షలు, పన్ను లేదు. రిస్క్ అలవెన్సులు పోస్టును బట్టి విడిగా. 48 లక్షల బీమాకు ప్రీమియం కట్టనక్కర్లేదు. విధి నిర్వహణ కారణంగా ప్రాణం పోతే దానికి 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలం జీతం, సేవానిధి కలుస్తాయి. శాశ్వత సైనికుల కుటుంబాలకు వచ్చే పెన్షన్ ఇందులో లేదు. నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే ఉంచుకుంటారు. ఈ రెండు మాటలూ సంతకం పెట్టకముందే ఇంట్లో అందరికీ తెలియాలి.

ప్రశ్న: అన్నయ్య పోస్టు ఎక్కడో చెప్పడం లేదు. రాఖీ, గోంగూర పచ్చడి ఎలా పంపాలి? (ఒక చెల్లెలు, నిజామాబాద్)

చెప్పకూడదు కాబట్టే చెప్పడం లేదు చెల్లెమ్మా. వాట్సాప్‌లో లొకేషన్ అడగవద్దు, ఫొటో వస్తే స్టేటస్ పెట్టవద్దు. చిరునామాకు ఊరి పేరు అవసరమే లేదు: ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). తూర్పు వైపు యూనిట్లకు 99 ఏపీఓ. ఆ రెంటిలో ఏదో అన్నయ్యనే అడుగు. నంబరులో అంకె తప్పితే అదే పేరున్న మరొకరి చేతికి వెళ్తుంది. పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకో, కొరియర్ వాళ్లు ఏపీఓకు చేరవేయరు. రాఖీకి నెల ముందే పంపు, దారి మూసుకుంటే సంచి ఎక్కడో ఆగుతుంది.

పచ్చడి గాజుసీసాలో వద్దు. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో నిండుగా కూడా వద్దు. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి లోపలి గాలి ఉబ్బుతుంది. లేహ్‌లో చిప్స్ ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బి కనిపించేది అందుకే. మూత సందులోంచి నూనె కారి రాఖీతో సహా అన్నీ ఎర్రబడతాయి. నీటిచెమ్మ లేకుండా బాగా వేయించి, నూనె తగ్గించి, డబ్బాలో మూడొంతులే నింపి, మూత చుట్టూ టేపు వేసి, రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి, చుట్టూ పాత కాటన్ గుడ్డ పెట్టు. రాఖీని విడిగా కవరులో వెయ్యి. గోంగూర కంటే కందిపొడి, కరివేపాకు పొడి మేలు. అక్కడ అన్నం సరిగా ఉడకదు, ప్రెషర్ కుక్కర్ పెట్టాల్సిందే. పొడీ నెయ్యీ ఉంటే ఆ అన్నం గొంతు దిగుతుంది.